ఏ పెట్టెకీ పట్టని తాళాల గుత్తి

నేను ఉద్దానం కోడలిగా వచ్చిన కొత్తలో, ఆ ఇంట్లో నన్ను నిలువునా మోసం చేసింది ఒక తాళాల గుత్తి. వసారాలో రాటకి మేకు కొట్టి దాన్ని వేలాడదీశారు. ఇనప రింగు, రింగు నిండా రకరకాల తాళంచెవులు. పొడుగువి, పొట్టివి, తుప్పు పట్టినవి. మాది టెక్కలి. మా నాన్నకి బజారులో ఇనప సామాన్ల కొట్టు ఉండేది. తాళంచెవి చూసి తాళం ఎంతుంటుందో, తాళం చూసి ఆ ఇంటివాళ్ళు ఎంతటివాళ్ళో చెప్పేయగలనని నాకు కాస్త పొగరు. ఇన్ని తాళంచెవులంటే ఎన్ని బీరువాలో, మా నాన్న మంచి సంబంధమే చూశాడు అనుకున్నాను.

ఇల్లంతా తిరిగి చూశాను. ఎంతని తిరుగుతాను, ఉన్నవి రెండు గదులు. ఒక రేకుపెట్టె ఉంది. దాని గొళ్ళెం ఊడిపోతే కొబ్బరితాడు కట్టి ఉంచారు. వీధి తలుపుకి గడియ తప్ప తాళం లేదు. ఇక ఉండబట్టలేక అత్తని అడిగాను, ఈ తాళాలు ఏ బీరువావి అత్తా అని.

"వాటిని ముట్టుకోకే. అవి పెట్టెలవి కావు, మడిసివి" అంది అత్త.

ఆ మనిషి ఎవరో ఆ వారంలోనే తెలిసింది.

అవి తొంభైల చివరి రోజులు. జీడితోటలు కాపు మీదున్నాయి. ఇంట్లో అత్తా మావా, మా ఆయనా, ఆయన చెల్లెలూ ఉండేవారు. ఆ చెల్లెలు నాకంటే కొంచెం చిన్నది. ఆ రోజు మేమిద్దరం పెరట్లో కూర్చుని కాల్చిన జీడిపిక్కలు కొడుతున్నాం. పిక్కలోని జీడి అంటితే తోలు ఊడిపోతుంది కాబట్టి చేతులకి బూడిద పూసుకోవాలి. బూడిదని అక్కడ బుగ్గి అంటారు. టెక్కలి పిల్లకి ఇవన్నీ ఏం తెలుస్తాయని వెక్కిరిస్తూ నా చేతులకి బుగ్గి తనే పూసింది. ఏదో చెబుతూ చెబుతూ మాట మధ్యలో ఆగిపోయింది. పిలిస్తే పలకలేదు. కళ్ళు ఒక పక్కకి తిరిగిపోయాయి. ఒక్క కేక పెట్టి వెనక్కి పడి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టింది.

నేను అత్తని కేకేశాను. ఇంట్లోవాళ్ళకి మాత్రం అది అలవాటైన పనిలా ఉంది. అత్త పరిగెత్తి రాట మీద తాళాలు తెచ్చి పిల్ల గుప్పెట్లో కుక్కింది. మా ఆయన రెండు కాళ్ళూ అదిమిపట్టాడు. పక్కింటావిడ ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టింది. ఇంకెవరో చెప్పు తెచ్చారు. మావ గరిటె కాడ తెచ్చి పళ్ళ మధ్య దూర్చాడు, నాలుక మింగేస్తుందని. చూడ్డానికి వచ్చినవాళ్ళు నోటి నురగ తగిలితే తమకీ అంటుకుంటుందని దూరంగా నిలబడ్డారు. కాసేపటికి అన్నీ వాటంతటవే సద్దుమణిగాయి. "తాళాలు పడ్డాయి, ఆగిపోనాది" అంది అత్త. అందరూ తలలూపారు. ఎదురుగా జరిగిన దాన్ని నేను మాత్రం ఎలా కాదంటాను, నేనూ ఊపాను.

నురగలో నెత్తురుంది. ముందు పన్ను సగం విరిగి బుగ్గిలో పడి ఉంది.

అది మధ్యాహ్నం దాకా మత్తుగా పడుకుని లేచింది. లేచి, ఏమైందని అడగలేదు. నొప్పిగా ఉందనీ అనలేదు. "వదినా, నా బట్టలు బాగున్నాయా?" అని అడిగింది.

బాగానే ఉన్నాయన్నాను. తడిసిపోయిన వాటిని అప్పటికే మార్చేశాను. పొద్దున్న కట్టిన ఆకుపచ్చ లంగా పోయి నీలం లంగా వచ్చింది కదా, చూసుకుంటే తెలిసిపోతుంది. చూసుకుంది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ ఇంట్లో నాకు మొట్టమొదట దగ్గరైన మనిషి మా ఆయన కాదు, ఆ పిల్ల. ఈ మాట ఆయన ముందే చాలాసార్లు అన్నాను.

ఆ జబ్బు సంగతి పెళ్ళికి ముందు మాకెవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని మా ఆయన్ని నిలదీస్తే, నువ్వు అడగలేదు కదా అన్నాడు. మీ చెల్లెలికి మూర్ఛలు వస్తాయా అని పెళ్ళిచూపుల్లో ఎవరైనా అడుగుతారా? ఆయనతో వాదించడం కంటే కొబ్బరిమట్టతో మాట్లాడుకోవడం మేలు.

మెల్లగా మిగతావన్నీ తెలిశాయి. ఏడో తరగతిలో ఉండగా బడిలో పడిపోయిందట. తోటిపిల్లల తల్లిదండ్రులు గోల పెడితే బడి మానిపించేశారు. కంచం వేరు, గ్లాసు వేరు. అమావాస్యకి గడప దాటనివ్వరు. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు నిప్పూ నీరూ. నిప్పు చూస్తే వస్తుంది, నీళ్ళు చూస్తే వస్తుంది అని పొయ్యి దగ్గరకి పోనివ్వరు, నూతి దగ్గరకి పోనివ్వరు. స్నానానికి కూడా నీళ్ళు తోడి తల్లే పోయాలి. కూతవేటు దూరంలో సముద్రం. హోరు వినడమే తప్ప అది ఒక్కసారీ చూసింది లేదు.

"నాకొక పొయ్యి ఉండాలొదినా" అనేది. "దాని ముందర నానొక్కదాన్నే కూకోవాలి. మాడిపోయినా నాదే, ఉడక్కపోయినా నాదే."

ఆడపిల్లలు చీరలడుగుతారు, పట్టీలడుగుతారు. ఇది పొయ్యి అడిగింది. వంటంటేనే విసుగు పుట్టే నాకు ఆ మాట వింటే ఏదోలా ఉండేది.

గరిటె విరిచిన పన్ను చూశాక నాకు ఆగలేదు. ఆడపడుచుని టెక్కలి తీసుకెళ్ళి డాక్టరుకి చూపిస్తానని ఇంట్లో పోరు పెట్టాను. గాలి సోకినదానికి డాక్టరేం చేస్తాడంది అత్త. కొత్త కోడలికి ఇంత నోరేంటని వీధిలో వాళ్ళన్నారు. చివరికి మావ లేచాడు. మావకి కూతురంటే ప్రాణం. అందరం బస్సెక్కి టెక్కలి వెళ్ళాం.

ఆ డాక్టరు పెద్దాయన. దాన్ని నోరు తెరవమని చూసి, "పన్ను ఎవరు విరగ్గొట్టారు?" అన్నాడు.

"ఫిట్సులో ఇరిగినాది బాబూ" అన్నాడు మావ.

"ఫిట్సుకి పళ్ళు విరగ్గొట్టడం రాదు. గరిటెకి వచ్చు. నాలుక మింగడం ఎవరివల్లా కాదు. మీరు మింగి చూడండి."

మావ నిజంగానే ప్రయత్నించి చూశాడు. మేం నవ్వాపుకోలేకపోయాం. డాక్టరు నవ్వలేదు. అది గాలీ కాదు, ధూళీ కాదు, మెదడులో కరెంటు లాంటిది ఒక్కసారిగా ఎక్కువ తక్కువలవుతుంది, అంతే అన్నాడు. నురగ ముట్టుకున్నా, ఒకే కంచంలో తిన్నా అంటుకోదన్నాడు. వచ్చినప్పుడు కాళ్ళూ చేతులూ పట్టుకోకండి, నోట్లో ఏమీ పెట్టకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి తలకింద గుడ్డ పెట్టండి, దానంతటదే తగ్గుతుంది, అయిదు నిమిషాలు దాటితే మాత్రం ఆస్పత్రికి పరిగెత్తండి అన్నాడు.

"మరి తాళాలో?" అని అడిగాడు మావ.

"తాళాలు వెతికి, తెచ్చి, గుప్పెట విప్పి పెట్టేసరికి ఎంతసేపవుతుంది?"

"రెండు నిమిషాలవుద్ది."

"ఫిట్సు ఉండేదీ అంతే. ఈసారి తాళాలు మానేసి తమలపాకు పెట్టండి. అప్పుడూ ఆగుతుంది."

చిన్న తెల్ల మాత్రలు రాశాడు. రోజూ రాత్రి ఒకటి, ఒక్క పూట కూడా మానకూడదు. బాగైపోయిందని మీ అంతట మీరు ఆపేయకూడదు, ఒక్కసారిగా ఆపితే మొదటికంటే గట్టిగా వస్తుంది, ఆపాలంటే నేనే మెల్లగా తగ్గిస్తాను అని మాకందరికీ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. పెళ్ళి చేయొచ్చు, పిల్లల్ని కనొచ్చు, కానీ చేసుకునేవాడికి చెప్పి చేయండి అన్నాడు. చివర్లో నావైపు తిరిగి, నీళ్ళ దగ్గర మాత్రం ఒంటరిగా వదలొద్దు, మోకాల్లోతైనా సరే, పక్కన తెలిసిన మనిషి ఉండాలి అన్నాడు. నీళ్ళు చూస్తే వస్తుందని కాదు, వచ్చినప్పుడు నీళ్ళలో ఉంటే లేవలేరని.

ఇంటికొచ్చి మావ ఊరందరికీ ఏం చెప్పాడంటే, టెక్కలి డాక్టరు తాళాలకి బదులు తమలపాకు రాశాడని. వారం రోజులు మా ఇంట్లో తమలపాకులకి లోటు లేదు.

ఇదంతా ఇక్కడికి బాగానే ఉంది. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆ వారంలోనే అత్త వరసకి పెద్దమ్మ ఒకావిడ చుట్టపుచూపుగా వచ్చింది. గుత్తి చూసి, "వచ్చినాక సేతిలో పెడితే ఆగుతాదంటే, రాకముందే ఒంటి మీదుంటే రానేరాదు కదే" అంది. అత్తకి అది మహా తెలివైన మాటలా తోచింది. వెంటనే కూతురి మొలతాడుకి గుత్తి కట్టేసింది. పగలూ రాత్రీ తీయడానికి లేదు. అలా ఒకే వారంలో మాత్రా మొదలైంది, మొలకి తాళాలూ మొదలయ్యాయి.

మళ్ళీ ఫిట్సు రాలేదు. నెల గడిచింది, ఏడాది గడిచింది, రెండేళ్ళు దాటింది. ఒక్కటి కూడా రాలేదు.

మాత్ర పని చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడం ఎవరి కంటికి కనిపిస్తుంది? తాళాలు మాత్రం అది అడుగు తీసి అడుగు వేస్తే గలగలమంటూ ఊరంతటికీ వినిపించేవి. పేరంతా వాటికే పోయింది. నేను మాత్రల మాటెత్తితే, తాళాలు కట్టింది కూడా ఆ వారమే కదే అనేది అత్త. రెండూ ఒకేసారి మొదలయ్యాయి, నిజమే మరి.

ఆ రెండేళ్ళే దాని బతుకులో మంచి రోజులు. కొన్నాళ్ళు నాతో పాటు పలాస వచ్చి జీడిపప్పు పొట్టు తీసే పనిలో చేరింది. విరగని నిండు పప్పుని గుళ్ళు అంటారు. నా చేతిలో అవి బద్దలైపోయేవి. దాని చేతిలో ఒక్కటి విరిగేది కాదు. విరిగిన పన్ను కనిపించకుండా చెంగు అడ్డం పెట్టుకుని నవ్వడం ఆడవాళ్ళ మధ్య పడ్డాక మరిచిపోయింది. ఒక సెలవు రోజు ఇంట్లో చెప్పకుండా సముద్రానికి తీసుకెళ్ళాను. ముందు భయపడింది. అల వచ్చి పాదాలు తడిపితే కెవ్వుమని, తర్వాత నన్ను లాక్కుని లోపలికి పరిగెత్తింది. మొలలో తాళాలు తడిసిపోయాయి. డాక్టరు మాట గుర్తుండి దాని మణికట్టు గట్టిగా పట్టుకునే ఉన్నాను.

"ఒకపాలి సెయ్యొదిలీ వదినా, నానొక్కదాన్నే నిలబడతాను."

వదల్లేదు. తిట్టుకుంది. ఒడ్డుకొచ్చి బుంగమూతి పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చేసరికి మళ్ళీ మామూలే.

తర్వాత మావకి కాళ్ళు వాచాయి. ఉద్దానంలో కాళ్ళు వాచాయంటే ఆ ఇంట్లో అందరి నోళ్ళూ మూతపడతాయి. కిడ్నీలు పాడయ్యాయన్నారు. విశాఖపట్నం తిప్పాం. పదిమంది ఎత్తే కొబ్బరి బస్తాని పక్కన పడేసే మనిషి, మంచం మీద కూర్చోబెడితే కూర్చునేవాడు. ఎక్కువ రోజులు ఉండలేదు.

ఆ రోగం ఎందుకొస్తుందో ఎవరికీ తెలీదు. నీళ్ళ వల్ల అని కొందరు, ఎండలో పని వల్ల అని కొందరు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవారు. అత్తకి మాత్రం సందేహం లేదు. మోకాళ్ళ నొప్పులకి మావ ఏళ్ళ తరబడి కొట్లో బిళ్ళలు కొనుక్కుని మింగాడు. బిళ్ళలే మొగుణ్ణి తినేశాయని ఆవిడ నమ్మింది. కర్మలైన మర్నాడే ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ ఏరింది. తలనొప్పి బిళ్ళలు, జ్వరం బిళ్ళలు, వాటితో పాటు కూతురి తెల్ల మాత్రలూ. అన్నీ కొంగులో పోసి పొయ్యిలో బుగ్గి కింద కప్పెట్టేసింది.

నేను నోటికొచ్చినట్టు అరిచాను. ఆ డాక్టరు అంత చెప్పాడు, విన్నారు కదా అన్నాను. అత్త తిరిగి అరవలేదు. పొయ్యి దగ్గర అలాగే కూర్చుని ఉంది.

"మీ మావని మింగీసినాయి. ఇప్పుడు దీన్ని కూడా ఇచ్చీమంతావా? తాళాలున్నాయి. రెండేళ్ళై దానికి ఏటీ నేదు. నా ఒక్క ఆడగుంటనీ నాకుండనీయే."

ఆవిడ మీద నాకిప్పటికీ కోపం రాదు. రావాలని చాలాసార్లు ప్రయత్నించాను. కూతుర్ని చంపాలని ఏ తల్లీ మందు పారేయదు. బతికించుకోవాలనే పారేసింది.

నేను టెక్కలి నుంచి మళ్ళీ మాత్రలు తెచ్చి ఆడపడుచు చేతిలో పెట్టాను. అది పుచ్చుకోలేదు. "నాకు పోయింది వదినా. ఇంకా మింగితే ఉన్నట్టే కదా" అంది. ఎంత చెప్పినా ఇదే మాట. మాత్ర మింగినప్పుడల్లా తను రోగిష్టినని గుర్తొస్తుంది, తాళాలు మొలలో ఉంటే నగలా ఉంటుంది. తండ్రి ప్రాణం తీసిన కాళ్ళ వాపు తన కళ్ళతో చూసింది, బిళ్ళలంటే ఆ భయం ఒకటి. అది మా అత్త కంటే గట్టిగా నమ్మింది, తనకి నయమైపోయిందని. నయమవ్వాలని అంత ఆశ ఉన్న మనిషికి ఇంకా కాలేదే అని ఎలా చెప్పాలో నాకు తెలీలేదు.

మాత్రలు మానేసినా ఆ ఏడాది ఫిట్సు రాలేదు, అదీ తాళాల గొప్పే అయింది. మావ ఏడాది వెళ్ళాక సంతబొమ్మాళి వైపు నుంచి సంబంధం వచ్చింది. పిల్లాడు వరి పండిస్తాడు, కొబ్బరికాయల బేరం చేస్తాడు. ఎత్తుగా, నల్లగా, ప్రతి మాటకీ నవ్వుతూ ఉండే మనిషి. పెళ్ళిచూపుల్లో దాని సగం పన్ను చూసి, "చెరుకు ఎక్కువ తింటావేటి?" అన్నాడు. అది నవ్వింది. అక్కడే కుదిరిపోయింది.

చెప్పి చేద్దామన్నాను నేను. అత్త ఒప్పుకోలేదు. మా ఆయన, వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు అన్నాడు. అబద్ధాలు ఎన్నయినా ఆడండి, ఈ ఒక్క నిజం చెప్పండి అన్నాను. ఆఖరికి నన్ను ఆపింది వాళ్ళెవరూ కాదు. ఆడపడుచే పెరట్లోకి తీసుకెళ్ళి నా రెండు చేతులూ పట్టుకుంది. "నాకో పొయ్యి దొరికీసినాది వదినా. నువ్వు నోరిప్పితే అది ఆరిపోతాది" అంది. ఏం చేస్తాను. ఊరుకున్నాను.

అప్పగింతలప్పుడు అత్త ఆ గుత్తిని బుగ్గితో తోమి, కొత్త కొక్కెం పెట్టి, కూతురి పట్టుచీర మీద నడుముకి తగిలించింది. అవతలి అత్తగారు ఊరుకుంటుందా?

"మా ఇంట్లో ఉన్నదొక బీరువా. దాని తాళం నా కాడుంది. ఈ గుంట ఇన్ని తాళాలేటి తెచ్చినాది?"

"పుట్టింటి తాళాలు వదినా, మా ఆనవాయితీ. పిల్ల ఒంటి మీద నుంచి తియ్యకూడదు" అంది మా అత్త, తడుముకోకుండా.

మా వంశంలో అలాంటి ఆనవాయితీ ఏదీ లేదు. ఆ పూటకి పుట్టింది. అందరూ నమ్మారు. ఇన్ని తాళాలంటే పుట్టింట్లో ఎంత సొత్తు దాచారో అని వియ్యాలవారి వైపు ఆడవాళ్ళు గుసగుసలాడుకోవడం కూడా నేను విన్నాను. కొన్నాళ్ళ క్రితం నేను పడిన భ్రమే.

నాగుల చవితికి మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చారు. కాస్త ఒళ్ళు చేసింది. వస్తూనే చెంగు బిగించి మా పొయ్యి ముందు కూర్చుని, మర్నాటికి చేపల పులుసు నేనే పెడతానంది. పెట్టింది కూడా. అత్త గడప మీద కూర్చుని, నిప్పు జాగర్తే, నిప్పు జాగర్తే అని అంటూనే ఉంది. వాళ్ళాయన అది విని, "మీ అమ్మకి నువ్వంకా సంటిపిల్లవేనే" అని ఆటపట్టించాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. నన్ను అప్పా అప్పా అంటూ పులుసు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. ఉప్పు ఎక్కువైంది. ఎవరం అనలేదు.

దాన్ని ఒంటరిగా పట్టుకుని అడిగాను, ఏమైనా వచ్చిందా అని. లేదంది. కాసేపాగి, "పొద్దుటి పూట ఒకోసారి సెయ్యి ఉలిక్కిపడతాది. మొన్న గలాసు ఎగిరిపోనాది" అంది. రేపే టెక్కలి వెళ్దాం అన్నాను. రేపు ఆయనకి బేరముంది, పొద్దున్నే వెళ్ళిపోవాలి, వచ్చే నెల వస్తాను కదా, అప్పుడెళ్దాం అంది. సరే అన్నాను. ఆ సరే అన్న మాట ఎన్నిసార్లు వెనక్కి తీసుకున్నానో, తీసుకుంటే మాత్రం ఏం లాభం.

వచ్చే నెల రాలేదు. కబురే వచ్చింది. ఎస్టీడీ బూత్ అబ్బాయి సైకిలు మీద వచ్చి మా ఆయనకి చెప్పాడు. చెల్లెలు గెడ్డలో పడి పోయిందని. గెడ్డంటే చిన్న వాగు. వాళ్ళ పొలం పక్కనే పారుతుంది. వెళ్ళి చూస్తే మా మోకాళ్ళు కూడా మునగని నీళ్ళు. అందులో మనిషి పోవడమేంటని అక్కడ అందరిదీ ఒకటే మాట. దయ్యం లాగేసిందన్నారు. మేమెవరం కాదనలేదు. దయ్యమంటే మాకే నయం, ఇంకేదీ చెప్పక్కర్లేదు.

దాన్ని వాళ్ళ వసారాలో పడుకోబెట్టారు. తాళాలు నడుముకి అలాగే ఉన్నాయి. అత్త వాటిని పట్టుకుని చూసింది. ఒకటి తర్వాత ఒకటి, అన్నీ ఉన్నాయో లేదో చూస్తున్నట్టు. చూసి, విప్పకుండా అక్కడే వదిలేసింది.

పెద్దకర్మ అయ్యాక ఒక సాయంకాలం వాళ్ళాయన వచ్చాడు. సైకిలు వెనక దాని పెట్టె కట్టుకొచ్చాడు. మనిషి సగమైపోయాడు. మా ఆయన ఇంట్లో లేడు. అత్త లోపల గదిలో పడుకుని ఉంది. నేను మంచినీళ్ళిస్తే తాగి, జేబులోంచి గుత్తి తీసి వసారా అరుగు మీద పెట్టాడు.

"పుట్టింటి తాళాలన్నారు కదప్పా. దాని సొత్తు మాకెందుకు, మీది మీకు అప్పగించీదామని తెచ్చినాను. దాని పెట్టికి పెట్టి సూసినాను, ఒక్కటీ పట్టనేదు. మీ ఇంట్లో ఏ పెట్టివప్పా ఇవి?"

పెళ్ళయి వచ్చిన కొత్తలో నేనడిగిన ప్రశ్నే అదే వసారాలో నన్ను అడిగాడు. అత్త నాకిచ్చిన జవాబే నా నోట వచ్చింది. అవి పెట్టెలవి కావు తమ్ముడూ, మనిషివి అన్నాను. ఒకసారి నోరు విప్పాక ఇక ఏదీ దాచలేదు. బడి మానిపించడం, గరిటె, డాక్టరు, తెల్ల మాత్రలు, బుగ్గి, పొయ్యి కావాలని అది నా చేతులు పట్టుకోవడం, అన్నీ చెప్పాను. నీళ్ళ దగ్గర పక్కన తెలిసిన మనిషి ఉండాలన్నాడని కూడా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. అత్త వింటోంది.

అతను గుత్తిని అరుగు మీంచి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"గడ్డి మోపు కట్టుకుంతన్నాను. సేతులు కడుక్కొత్తానని దిగినాది. నీళ్ళల్లో కాళ్ళూ సేతులూ కొట్టుకుంతంటే ఆడుకుంతన్నాదనుకున్నాను" అన్నాడు. "తెలిసుంటే సెయ్యట్టుకుందును. నాను గట్టు మీదే ఉన్నానప్పా."